సైన్యం విడిచి దావాలు పట్టినవారు

(భద్రాచలంలో మాజీ సైనికులు, న్యాయశాస్త్ర విద్యార్థులు, మస్జిద్ కమిటీల సభ్యులు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సైన్యంలో పనిచేసి వచ్చిన సోదరులు ఈ సభలో కొందరున్నారు. వారిని ఉద్దేశించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు మమ్ములను కోరారు. మాజీ సైనికుడు సభకు వస్తే ఆయన శౌర్యాన్ని పొగిడి, శాలువా కప్పి, ఫోటో తీయించి పంపడం మనకు ఆనవాయితీ. మేము ఆ పని చేయబోవడం లేదు. వారికొక ఉద్యోగం సంగతి చెప్పడానికి వచ్చాము. దానికి నెలజీతం లేదు. మొదటి నాలుగైదేళ్ళు ఫీజులూ అంతంతమాత్రమే. సివిల్ దావాలు, వాటిపై వచ్చే అప్పీళ్ళు నడిపే న్యాయవాది పని అది.

ఈ మాట మేమెందుకు చెప్పవలసి వచ్చిందో ముందు మనవి చేస్తాము. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాగా ఫైళ్ళ నడుమ గడిపినవారము మేము. ఉద్యోగ విరమణ తరువాత మనవారి కాగితాలు చదివిపెట్టడం, అర్జీలు రాసిపెట్టడం పనిగా పెట్టుకొన్నాము. సివిల్ తగాదా విషయంలో మనవారి తీరు మాకు బాగా తెలుసు. ఇంట్లో పిల్లవాణ్ణి పోలీసులు పిలిచారంటే గంటలోపల పదిమంది కూడతారు. వకీలును వెదుకుతారు, జామీను తెస్తారు. అదే కోర్టు నుంచి సమను వస్తే దానిని మడిచి ట్రంకుపెట్టెలో పడవేస్తారు. జాగా తగాదాయే కదా, పెద్దమనుషులలో తేల్చుకుందామంటారు. వాయిదా గడిచిపోతుంది. ప్రతివాది హాజరు కాలేదని ఏకపక్షంగా డిక్రీ అవుతుంది. దానిని రద్దు చేయమని అడగడానికి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. ఆ 30 రోజులూ ఒక పెళ్ళితో, ఒక ఉర్సుతో సరిపోతాయి. ఏడాది తిరిగాక కోర్టు అమీనా వచ్చి ఇంటి ముందు నిలబడినప్పుడు అందరూ కూడతారు. అప్పుడు కూడి ప్రయోజనమేమి?

క్రిమినల్ కేసులు వాదించే న్యాయవాదులు మనలో కొందరున్నారు, సంతోషం. సివిల్ పక్షాన చూస్తే వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అప్పీలు రాయగలవారు ఇంకా తక్కువ. ఆస్తి, ఖబరస్తాన్, దారిహక్కు, అద్దె, వారసత్వం, ఉద్యోగం, పాఠశాల గుర్తింపు, ఇవన్నీ సివిల్ హక్కులే. వీటిని కాపాడేవారు లేకుంటే మైనారిటీ హక్కులన్న మాట సభలకే పరిమితమవుతుంది.

ఈ పనిని సైనికులు ఎట్లా చేశారో చూపించడానికి ఇద్దరి జీవితాలు చెప్పదలచాము. ఇద్దరూ అమెరికాలోని నల్లజాతివారు. దూరదేశపు ముచ్చట్లు మనకెందుకని అనుకోవద్దు. ఒక మైనారిటీ తన రాజ్యాంగం లోపలే నిలబడి, సివిల్ దావాల ద్వారా, అప్పీళ్ళ ద్వారా హక్కులు రాబట్టుకొన్న చరిత్రలో ఇంతకంటె వివరంగా రికార్డయినది మాకు కనబడలేదు.

మొదటివారు చార్లెస్ హామిల్టన్ హూస్టన్. 1895లో వాషింగ్టన్‌లో పుట్టారు. తండ్రి న్యాయవాది. అయినా కుమారునికి మొదట ఆ వృత్తిమీద మనసు లేదు. పట్టభద్రుడై హోవార్డ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పుకొంటుండగా మొదటి ప్రపంచయుద్ధంలోకి అమెరికా దిగింది. 1917లో నల్లవారికి అధికారి శిక్షణ కొరకు ప్రత్యేకంగా ఏర్పరచిన శిబిరంలో చేరి ఫస్ట్ లెఫ్టినెంట్ అయ్యారు. ఫ్రాన్సుకు వెళ్ళారు. అక్కడ జర్మన్ల కంటె ముందు తన సొంత సైన్యమే ఆయనకు ఎదురు నిలిచింది. ఒక రాత్రి తెల్ల అమెరికన్ సైనికుల గుంపు ఆయనను, తోటి నల్ల అధికారులను చుట్టుముట్టి కొట్టిచంపడానికి సిద్ధపడింది. ప్రాణాలతో బయటపడ్డారు. ఎదురు దెబ్బ తీయలేని మనుషుల పక్షాన పోరాడడానికి న్యాయశాస్త్రం చదవాలని ఆ యుద్ధకాలంలోనే నిశ్చయించుకొన్నట్లు ఆయనే తరువాత రాసుకొన్నారు.

1919లో తిరిగివచ్చి హార్వర్డ్‌లో చేరారు. 1922లో న్యాయపట్టా, మరుసటి ఏడు డాక్టరేటు. తండ్రి కార్యాలయంలో కూర్చుని సివిల్ కేసులు నేర్చుకొన్నారు. 1929 నుంచి హోవార్డ్ న్యాయకళాశాల బాధ్యత చేపట్టి, దానిని నల్లజాతి న్యాయవాదుల శిక్షణాలయంగా మార్చారు. విద్యార్థులను సైనికుల వలె తోమాడని చెబుతారు. తరువాతి కాలంలో అమెరికా సుప్రీంకోర్టుకు మొదటి నల్లజాతి న్యాయమూర్తి అయిన తుర్‌గుడ్ మార్షల్ అట్లా తోమబడినవారిలో ఒకరు.

హూస్టన్ పనితీరులో సైనికుడు కనబడేది ఇక్కడ. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం నల్లవారిని వేరుగా ఉంచవచ్చు, సమానమైన సదుపాయం ఉంటే చాలు. 1896లో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్లెస్సీ తీర్పు అది. ఆ కోటను ఎదురుగా వెళ్ళి ఢీకొంటే లాభం లేదని హూస్టన్ గ్రహించారు. సమానమంటున్నారు కదా, ఆ సమానం ఎక్కడుందో లెక్క చూపండని అడగడం మొదలుపెట్టారు. దక్షిణ కరోలినా పల్లెలకు సినిమా కెమెరా పట్టుకుపోయి తెల్లపిల్లల ఇటుక బడులను, నల్లపిల్లల చెక్క గుడిసెలను పక్కపక్కన చిత్రించి తెచ్చారు. అది ప్రసంగం కాదు, సాక్ష్యం. 1938 డిసెంబరులో మిస్సోరీ రాష్ట్రంపై లాయిడ్ గెయిన్స్ అనే విద్యార్థి పక్షాన సుప్రీంకోర్టులో గెలిచారు. తెల్లవారికి రాష్ట్రంలో న్యాయకళాశాల ఉన్నప్పుడు నల్లవానికి పక్క రాష్ట్రంలో చదువుకొమ్మని ఫీజు కట్టి పంపితే సరిపోదని తీర్పు. కోటగోడలో అది మొదటి ఇటుక. 1950 ఏప్రిల్‌లో, 54 ఏళ్ళకే, హూస్టన్ కన్నుమూశారు. తాను పడగొట్టదలచిన గోడ కూలడాన్ని ఆయన చూడలేదు.

రెండవవారు రాబర్ట్ ఎల్. కార్టర్. ఈయన గురించే మేము ఎక్కువగా చెప్పదలచినది.

1917 మార్చిలో ఫ్లోరిడాలో పుట్టారు. పసిబిడ్డగా ఉండగానే కుటుంబం న్యూజెర్సీకి తరలింది. ఏడాది నిండీ నిండకముందే తండ్రి పోయారు. తల్లి తెల్లవారి ఇళ్ళలో బట్టలుతికి పిల్లలను పెంచింది. హైస్కూలులో ఈతకొలను తెల్లపిల్లలకు ఒక పూట, నల్లపిల్లలకు మరొక పూట. పాఠశాల సదుపాయాలు అందరికీ తెరవాలని రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పిందని పత్రికలో చదివిన ఆ కుర్రవాడు తెల్లపిల్లల పూటలోనే వెళ్ళి నీళ్ళలో దిగాడు. బడినుంచి తీసివేస్తామని ఉపాధ్యాయుడు బెదిరించినా కదలలేదు. చివరకు కలసి ఈదడానికి ఒప్పుకోలేక పాఠశాలవారు కొలనునే మూసివేశారు! తీర్పు రావడం వేరు, అది అమలుకావడం వేరన్న పాఠం ఆయనకు ఆ వయసులోనే అబ్బింది.

హూస్టన్ తీర్చిదిద్దిన హోవార్డ్ న్యాయకళాశాలలో 1940లో పట్టా పొందారు. మరుసటి ఏడు కొలంబియాలో ఉన్నత పట్టా, అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణపై సిద్ధాంత పత్రం. అదే ఏడు సైన్యం పిలిచింది. వైమానిక దళంలో చేరిన తొలిరోజులలోనే ఒక తెల్ల కెప్టెన్ చదువుకొన్న నల్లవారంటే తనకు గిట్టదని ముఖం మీదనే చెప్పాడట. కార్టర్ అధికారి అయ్యారు, లెఫ్టినెంట్ హోదా వచ్చింది. అయినా అధికారుల క్లబ్బులో అడుగుపెట్టడమే నేరంగా చూశారు. ఆయన పెట్టారు. పై అధికారులతో ఘర్షణలు పడి 1944లో సైన్యం నుంచి బయటికి వచ్చారు. న్యాయశాస్త్రం తనకు సానుభూతి ఇచ్చిందో లేదో గాని, సైన్యం మాత్రం తనను పోరాటగానిగా మార్చిందని ఆయన జీవితమంతా చెప్పుకొన్న మాటల సారాంశం. వచ్చిన వెంటనే తుర్‌గుడ్ మార్షల్ వద్ద సహాయకునిగా చేరారు. నల్లజాతివారి హక్కుల సంఘమైన ఎన్.ఎ.ఎ.సి.పి. న్యాయవిభాగం అది.

ఇక ఆయన దావాలు. 1950లో ఓక్లహామా విశ్వవిద్యాలయంపై మెక్‌లారిన్ అనే విద్యార్థి కేసును సుప్రీంకోర్టులో కార్టర్ వాదించారు. విద్యార్థి అన్నామే గాని, ఆయన అరవయ్యేళ్ళు దాటిన అధ్యాపకుడు. మా వయసువాడు. కోర్టు ఒత్తిడిమీద ఆయనను చేర్చుకొన్నారు, కాని తరగతి గదికి ఆనుకొని ఉన్న చిన్న గదిలో వేరే బల్ల వేసి కూర్చోబెట్టారు. గ్రంథాలయంలో వేరే బల్ల, భోజనశాలలో వేరే బల్ల. అదే పుస్తకం, అదే గురువు, అదే గోడల మధ్య ఉంటే సమానం కాదా అని విశ్వవిద్యాలయం వాదన. కాదని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది.

అంతకంటె ముఖ్యమైనది కాన్సాస్ రాష్ట్రంలోని టొపీకా కేసు. చరిత్రలో బ్రౌన్ కేసుగా నిలిచినది ఇదే. సుప్రీంకోర్టు తీర్పు 1954 మే 17న వచ్చిందని అందరూ చెబుతారు. దానికి మూడేళ్ళ ముందు కింది కోర్టులో జరిగినది ఎవరూ చెప్పరు. న్యాయవిద్యార్థులారా, ఇక్కడ కాస్త శ్రద్ధగా వినండి.

1951 జూన్‌లో టొపీకాలో ముగ్గురు న్యాయమూర్తుల ఎదుట విచారణ జరిగింది. పదముగ్గురు తల్లిదండ్రులు వాదులు. కార్టర్, జాక్ గ్రీన్‌బర్గ్ స్థానిక న్యాయవాదులతో కలసి నడిపారు. అక్కడి నల్లపిల్లల బడులు భవనాలలోను, పుస్తకాలలోను తెల్లపిల్లల బడులకు పెద్దగా తీసిపోవు. అంటే హూస్టన్ వాడిన పాత ఆయుధం అక్కడ పనిచేయదు. కార్టర్ వేరే సాక్ష్యం తెచ్చారు. వేరుచేయడమనేదే బిడ్డ మనసును దెబ్బతీస్తుందని చెప్పడానికి మనస్తత్వ శాస్త్రజ్ఞులను బోను ఎక్కించారు. ఇవేమి సాక్ష్యాలు, బొమ్మలాటలు అని సొంత పక్షపు న్యాయవాదులే కొందరు నవ్వారు. కార్టర్ పట్టు విడువలేదు.

ఆగస్టులో తీర్పు వచ్చింది. కార్టర్ పక్షం ఓడిపోయింది. 1896 నాటి సుప్రీంకోర్టు తీర్పు అడ్డుగా ఉన్నది గనుక తాము చేయగలిగినది లేదని న్యాయమూర్తులు చెప్పారు. కాని తీర్పుతో పాటు వాస్తవాలపై తమ నిర్ధారణలు నమోదు చేస్తూ, వేరుచేసే విధానం నల్లపిల్లల చదువుకు, ఎదుగుదలకు హాని చేస్తున్నదని రాశారు. ఓడిన దావాలో ఈ ఒక్క నిర్ధారణ రికార్డుకెక్కింది. మూడేళ్ళ తరువాత సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పులో ఆ కింది కోర్టు నిర్ధారణనే ఎత్తి చూపింది. అప్పీలు గెలిపించినది 1951లో టొపీకాలో బోను ఎక్కిన సాక్షులు. అప్పుడు వారిని పిలవకపోయి ఉంటే, వాషింగ్టన్‌లో ఎంత గొప్పగా వాదించినా పై కోర్టు చేతిలో ఆ వాక్యం ఉండేది కాదు.

మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో కూడా ఇదే సూత్రం ఉన్నది. కింది కోర్టులో పెట్టని సాక్ష్యాన్ని అప్పీలులో పెట్టుకొనే హక్కు లేదు. 41వ ఆర్డరు 27వ రూలు కింద కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. రెండవ అప్పీలుకు హైకోర్టుకు పోతే, 100వ సెక్షన్ ప్రకారం గణనీయమైన న్యాయప్రశ్న ఉంటేనే వింటారు. వాస్తవాల సంగతి అప్పటికే ముగిసిపోయి ఉంటుంది. మనవారు మాత్రం కింద నిద్రపోయి, హైకోర్టులో పెద్ద వకీలును పెడదామంటారు. పెద్ద వకీలు లేని కాగితాన్ని ఎక్కడనుంచి తెస్తాడు?

ఈ దావాల వెనుక మూల్యం చెల్లించినవారూ సైనికులే. బ్రౌన్ కేసుతో కలిపి విన్న దక్షిణ కరోలినా కేసులో మొదటి వాది హ్యారీ బ్రిగ్స్ నౌకాదళంలో పనిచేసి వచ్చినవాడు, పెట్రోలు బంకులో ఉద్యోగి. దావా కాగితం మీద సంతకం తీసుకోనని అన్నందుకు ఆయన ఉద్యోగం పోయింది, భార్య ఉద్యోగమూ పోయింది. వాది పేరు కాగితం మీద ఉన్నంతవరకే న్యాయవాది దావా నడపగలడు.

1956లో అలబామా రాష్ట్రం ఈ సంఘాన్నే నిషేధించి, సభ్యుల పేర్ల జాబితా ఇమ్మన్నది. జాబితా ఇస్తే ఆ సభ్యుల గతి ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఇవ్వమన్నందుకు లక్ష డాలర్ల జరిమానా. కార్టర్ సుప్రీంకోర్టుకు వెళ్ళి 1958లో గెలిచారు. సంఘంగా కూడే స్వేచ్ఛ సభ్యుల గోప్యత లేకుండా నిలవదన్నది తీర్పు. కొలంబియాలో రాసిన సిద్ధాంత పత్రం ఇక్కడ అక్కరకు వచ్చింది. గెలిచినా అలబామా కోర్టులు వదలలేదు. ఒకసారి ఈ పద్ధతిలో రావలసింది కాదన్నారు, మరొకసారి అప్పీలు పత్రంలో అంశాలను నియమం ప్రకారం విడదీసి రాయలేదన్నారు. గుమాస్తాగా పనిచేసిన మాకు ఈ ఎత్తుగడలు కొత్త కావు. అర్జీలో మార్జిన్ తక్కువైందని తిప్పిపంపిన ఘనులను చూచినవారమే. కార్టర్ ఆ ఒక్క కేసునే నాలుగుసార్లు సుప్రీంకోర్టు మెట్లు ఎక్కించారు. 1964లో చివరి తీర్పుతో నిషేధం తొలగింది. ఎనిమిదేళ్ళు పట్టింది.

సుప్రీంకోర్టులో ఆయన వాదించినవి 22 కేసులు, గెలిచినవి 21 అని ఆయనను గురించి రాసినవారు లెక్కకట్టారు. 1968లో, తన కింద పనిచేసే న్యాయవాదిని సుప్రీంకోర్టును విమర్శిస్తూ వ్యాసం రాసినందుకు సంఘం తొలగిస్తే, నిరసనగా తానూ రాజీనామా చేశారు. 1972లో ఫెడరల్ న్యాయమూర్తి అయ్యారు. 2012 జనవరిలో 94వ ఏట మరణించారు.

ఇప్పుడు మన గోదావరి ఒడ్డుకు వద్దాము.

మన ప్రాంతంలో సివిల్ దావా నడపడం మైదాన ప్రాంతంలో వలె సులభం కాదు. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోనివి, అంతకుముందు మద్రాసు ప్రభుత్వంలోనివి. నదికి ఆవల బూర్గంపహాడ్, పాల్వంచ నిజాం రాజ్యంలోనివి. ఈ ఒడ్డున అడంగలు, ఆ ఒడ్డున పహాణీ. ఆ ఒడ్డున 1954-55 ఖాస్రా పహాణీ ఏ దావాలోనైనా మొదట అడిగే కాగితం. ఈ ఒడ్డున ఆ పేరు చెబితే గుమాస్తా వింతగా చూస్తాడు. 2014లో పోలవరం కొరకు ఏడు మండలాల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, పట్టణాన్ని ఆనుకొన్న ఎటపాక, పురుషోత్తపట్నం ఆ రాష్ట్రానివయ్యాయి. 2019 జనవరి 1 నుంచి హైకోర్టులు కూడా రెండు. ఒకే కుటుంబంలో అన్న ఇంటి తగాదా హైదరాబాదుకు, తమ్ముని పొలం తగాదా అమరావతికి పోవలసిన స్థితి.

దీనికి తోడు ఇది ఐదవ షెడ్యూలు ప్రాంతం. 1959 నాటి భూబదిలీ రెగ్యులేషన్‌ను 1970 ఫిబ్రవరి 3 నుంచి అమలుకు వచ్చిన సవరణ కఠినం చేసింది. గిరిజనేతరుని స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుని నుంచే సంక్రమించిందని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసే భారం స్వాధీనంలో ఉన్నవానిది. మనవారిలో కొందరు ఈ చట్టాన్ని తిట్టుకొంటారు. మేము వారితో ఏకీభవించము. ఆదివాసీ చేతిలోని భూమి ఉప్పుకు, సారాకు మారిపోయిన చరిత్ర ఈ అడవికి ఉన్నది. ఆ చట్టం వారి కవచం. 1988లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది కూడా. మనకు చేతనైనది, న్యాయమైనది ఒకటే. మూడు నాలుగు తరాలుగా ఇక్కడ కుట్టుపని చేసుకొని, కిరాణా పెట్టుకొని బతికిన కుటుంబం తన ఇంటిజాగా 1970కి ముందే, గిరిజనేతరుని వద్దనే కొన్నదైతే ఆ సంగతిని కాగితంతో చూపాలి. 1970 సవరణ అంతకుముందు గిరిజనేతరుల మధ్య జరిగిన బదిలీలకు వర్తించదని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి కాగితం మీది తేదీయే ఇంటిని నిలుపుతుంది. పంచాయతీ పన్ను రసీదు, పాత కరెంటు బిల్లు, తాతగారి రిజిస్టర్డు దస్తావేజు, వీటిని మొదటి విచారణలోనే స్పెషల్ డిప్యూటీ కలెక్టరు ముందు దాఖలు చేయాలి. అక్కడ పెట్టకుండా ఏజెంటు వద్ద అప్పీలులో కన్నీళ్ళు పెట్టుకొంటే లాభం లేదు.

అప్పీలు విలువ ఆదివాసీ సోదరులకు మనకంటె బాగా తెలుసు. విశాఖ ఏజెన్సీలో గనుల లీజులపై సమత సంస్థ వేసిన కేసు 1995లో హైకోర్టులో ఓడింది. వారు ఇంటికి పోలేదు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా తీర్పిచ్చి, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం సైతం గిరిజనేతరులకు గనుల లీజులు ఇవ్వరాదన్నది. ఆ ఇద్దరిలో జస్టిస్ సగీర్ అహమద్ ఒకరు.

మన రిజర్వేషన్ సంగతి కూడా ఇట్లాంటిదే. 2005లో అయిదు శాతం హైకోర్టులో నిలవలేదు. వెనుకబాటుతనాన్ని గుర్తించిన తీరు సరిగా లేదన్నది ముఖ్యమైన లోపం. అప్పుడు నినాదాలతో సరిపెట్టుకోక, 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా ముస్లింలలోని వెనుకబడిన వర్గాలను గుర్తించి నాలుగు శాతంతో చట్టం చేశారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానినీ కొట్టివేసింది. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగింది. ఇక్కడ కూర్చున్న విద్యార్థులలో ఆ ఉత్తర్వు వల్ల సీటు పొందినవారున్నారు. తీర్పు వచ్చిన నెలా పదిహేను రోజులలో పై కోర్టు తలుపు తట్టినవారు ఉండబట్టి అది సాధ్యమైంది.

వక్ఫ్ గురించి ఒక్క మాట. ఇది రాజకీయం కాదు, గడువు సంగతి. వక్ఫ్ ఆస్తిని రాబట్టుకొనే దావాలకు కాలపరిమితి చట్టం వర్తించదని 1995 చట్టంలోని 107వ సెక్షన్ చెప్పేది. దానిమీద భరోసా పెట్టుకొని ఎన్నో కమిటీలు, ఎప్పుడైనా వేసుకోవచ్చులే అని కూర్చున్నాయి. 2025 సవరణ ఆ మినహాయింపును తొలగించింది. అదే ఏడు సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులో కొన్ని నిబంధనలను నిలిపింది గాని, దీనిని నిలపలేదు. ట్రిబ్యునల్ తీర్పుపై హైకోర్టుకు అప్పీలు చేయడానికి ఇప్పుడు 90 రోజులు. ఆ ట్రిబ్యునల్ హైదరాబాదులో ఉన్నది. షెడ్యూల్డు తెగలవారి భూమిని వక్ఫ్‌గా భావించరాదన్న కొత్త నిబంధన కూడా వచ్చింది గనుక, ఏజెన్సీలోని ప్రతి ఖబరస్తాన్, ప్రతి ఆషుర్‌ఖానా కమిటీ తన హద్దులు, తన దస్తావేజులు ఇప్పుడే సరిచూసుకోవాలి. ఆక్రమణ మొదలైన తేదీ తెలియని కమిటీకి గడువు ఎప్పుడు ముగుస్తుందో కూడా తెలియదు.

సైనిక సోదరులనే ఎందుకు అడుగుతున్నామంటే, కారణం చాలా లౌకికమైనది. సివిల్ పక్షంలో సంపాదన ఆలస్యం. పాతికేళ్ళ కుర్రవాడు, ఇంట్లో చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ఉన్నవాడు, అయిదేళ్ళు ఆగలేడు. బెయిలు కేసులకు, రిజిస్ట్రేషన్ కాగితాలకు మళ్ళుతాడు. అతణ్ణి తప్పు పట్టలేము. పదిహేను, పదిహేడేళ్ళు సర్వీసు చేసిన జవాను నలభైకి అటూ ఇటూ వయసులో ఇంటికి వస్తాడు. పింఛను ఉంటుంది. ఆయన ముందు ఇంకా ఇరవై, పాతికేళ్ళ పని వయసు ఉంటుంది. ఆ వయసులో ఆయనను ఏ.టి.ఎం. ముందు కుర్చీ వేసి కూర్చోబెడుతున్నాము. గస్తీ డైరీ రాసినవానికి తేదీల విలువ చెప్పనక్కరలేదు. పై అధికారి ముందు నిటారుగా నిలబడి, మర్యాద తప్పకుండా, భయపడకుండా మాట్లాడడం ఆయనకు అలవాటే. కోర్టులో కావలసినది సరిగ్గా అదే.

వయసు మించిందా అని ఒక సోదరుడు ఇందాక బయట అడిగాడు. మన లాసెట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదు. ఇంటర్ తరువాత డిగ్రీ చేసి ఉంటే మూడేళ్ళ ఎల్.ఎల్.బి. దూరవిద్యలో న్యాయపట్టా చెల్లదు, కళాశాలకు వెళ్ళి చదవవలసిందే. చివరన బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు, అఖిల భారత బార్ పరీక్ష. నమోదుకు వేలకు వేలు గుంజేవారు. 2024 జూలై 30న సుప్రీంకోర్టు ఆ పద్ధతిని కొట్టివేసి, చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి తీసుకోరాదన్నది. ఉద్యోగం చేస్తూ న్యాయవాదిగా ఉండకూడదు, పింఛనుకు మాత్రం అడ్డులేదు.

చేరిన తరువాత మొదటి రెండేళ్ళు వాదించవద్దని మా సలహా. పెద్ద సివిల్ న్యాయవాది వద్ద కూర్చుని వాదపత్రాలు రాయడం నేర్చుకోవాలి. రికార్డు గదికి తిరగాలి. నకలుకు ఏనాడు దరఖాస్తు చేశామో, ఏనాడు చేతికి వచ్చిందో రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే ఆ రోజులు అప్పీలు గడువులో లెక్కకు రావు. జిల్లా కోర్టుకు అప్పీలు 30 రోజులు, హైకోర్టుకు 90 రోజులు. ఈ రెండు అంకెలు మన ప్రతి మస్జిద్ నోటీసు బోర్డుమీద ఉండాలని మేము కమిటీలను ఎప్పటినుంచో కోరుతున్నాము. తల్లులకు కూడా ఒక మనవి. ఇంట్లో పత్రాలు భద్రం చేసేది మీరే. ఆడపిల్లకు న్యాయశాస్త్రం వద్దని అనకండి. ఆస్తి తగాదాలలో చాలా కేసుల్లో హక్కు పోగొట్టుకొంటున్నది మన ఆడపడుచులే.

సభ ముగిసిన తరువాత మేము పక్క గదిలో కూర్చుంటాము. ఎవరి ఇంట్లోనైనా విప్పని కోర్టు కవరు ఉంటే మొహమాటం లేకుండా తెచ్చి చూపించండి. ముందుగా దానిమీది తేదీ చూద్దాము.